సావర్‌గావ్‌లో నలభై నిమిషాలు

బాన్సువాడ,
14 జూన్ 1998.

తమ్ముడు భూమేశ్‌కు,

రూప్లా అన్న రాసేది. ఇక్కడ నేను, మీ వదిన హీరాబాయి, బిడ్డ స్వాతి మంచిగున్నం. కరీంనగర్ల నువ్వు, మరదలు ప్రేమల మంచిగున్నరనుకుంట.

నువ్వు పోయి ఇరవై రోజులాయె. తొమ్మిదేండ్లు ఒక్కటే బస్సుల తిరిగినం. నేను స్టీరింగు కాడ, నువ్వు టికెట్ల కాడ. మొన్న సావర్‌గావ్‌ల బస్సు ఆపి, అలవాటు చొప్పున "భూమేశ్, ఒకటిన్నరకు లేపు" అని వెనక సీట్ల తువ్వాల మొఖం మీద కప్పుకొని ఒరిగిన. కొత్త కండక్టర్ సంతోష్ వచ్చి "అన్నా, భూమేశ్ ఎవరు?" అన్నడు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

పోరడు మంచోడే. కాని లేపుడు రాదు. చెవుల బెల్లు కొట్టినట్టు ఒర్రుతడు. నువ్వయితే భుజం మీద రెండేళ్లు పెట్టి "అన్నా, పొద్దు తిరిగింది" అనేటోనివి. ఆ నలభై నిమిషాల నిద్ర లేకుంటే నేను మనిషినే కాను. మూడింటికి లేచి, తండ నుంచి సైకిల్ తొక్కుకుంట డిపోకు వచ్చి, కోటగిరి ట్రిప్పు కొట్టి, మల్ల సావర్‌గావ్ దాక గుంతల రోడ్డు మీద మూడు గంటలు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటరు గద. ఆ చిరిగిన సీటే నాకు పట్టె మంచం.

బస్టాపు కాడ రొట్టెలమ్మే గంగుబాయి నిన్ను రోజు అడుగుతది. నువ్వు పోయినంక నా నిద్రకు ఆమెనే కాపలా. తొందరొచ్చినోళ్లు ఎక్కి లొల్లి చేస్తే కట్టె పట్టుకొని వస్తది. "డ్రైవర్ పండిండు. మీ పానాలు ఆయన చేతులనే ఉన్నయి, ఊకోండ్రి" అంటది. ఒకటి ఇరవై అయిదుకు ఆమెనే వచ్చి భుజం తడుతది. డెబ్బై ఏండ్ల ముసల్ది, గడియారం లేదు. తడకల నీడ చూసి చెప్తది.

ఇంకోటి. మనం చేరేది పన్నెండు యాభైకి, నువ్వు లాగ్ షీటు మీద రాసేది డిపో చెప్పిన పన్నెండు ఇరవై. గది యాదికొస్తే నవ్వొస్తది. చెరుకు బండ్లు, వాగు, తండల కాడ మూటలు. ఏ దేవుడు నడిపినా పన్నెండు ఇరవైకి ఆ బస్సు చేరదు. లేటయిందని రాస్తే నాకు మెమో వస్తదని తొమ్మిదేండ్లు అబద్ధం రాసినవ్. కింద నేను సంతకం పెట్టిన. అసొంటి తమ్ముడు ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లల్ల గూడ దొరకడు.

ఆఫీసుల కుర్చీ దొరికింది గద, మమ్ముల మరువకు.

మీ అన్న,
రూప్లా

*

కరీంనగర్,
2 జూలై 1998.

ప్రియమైన రూప్లా అన్నకు,

నీ ఉత్తరం ప్రేమలకు చదివి వినిపించాను. గంగుబాయి కట్టె దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం. మా ఇద్దరికీ ఒక్కసారే ఇంటి మీద బెంగ పుట్టింది.

ఇక్కడ నా పని టైమ్ కార్డులు రాయడం. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి అన్నీ లెక్కకట్టి పెద్ద అట్టల మీద రాసి డిపోలకు పంపుతాం. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా ఆఫీసరు ఆ పని నాకే అప్పజెప్పాడు. కోటగిరిలో మా నాయన వరి నాటు పెట్టించేటప్పుడు "దారం పట్టినట్టు ఉండాలె" అనేవాడు. ఆ వరసలే ఇప్పుడు కాగితం మీద నాటుతున్నాను.

పొద్దంతా ఫ్యాను కింద కూర్చుంటే నడుం నొప్పి. నువ్వు నవ్వుతావని తెలుసు. నిలబడి టికెట్లు కొట్టినప్పుడు రాని నొప్పి కూర్చుంటే వచ్చింది. ఇంకో సంగతి, ఈ ఉద్యోగం పక్కా కావాలంటే వచ్చే మార్చి నెలాఖరు దాకా మచ్చ లేకుండా పనిచేయాలట. అప్పటిదాకా వేలు ఎత్తి చూపనివ్వను.

సంతోష్‌కు భుజం తట్టడం నేర్పు. వదినను, స్వాతిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
భూమేశ్

*

బాన్సువాడ,
29 నవంబర్ 1998.

తమ్ముడు భూమేశ్‌కు,

ఏందిరా నీ భాష! ఆఫీసుల కూసున్నంక పుస్తకమోలె రాస్తున్నవ్. సరే, గది తర్వాత.

మొన్న సోమవారం డిపోల కొత్త టైమ్ కార్డు అతికించిండ్రు. సావర్‌గావ్ చేరుడు పన్నెండు ఇరవై, కదులుడు పన్నెండు యాభై. పొద్దుమీకి మహమ్మద్ నగర్‌కు ఇంకో ట్రిప్పు. కాగితం మీద చూస్తే డ్రైవర్‌కు ముప్పై నిమిషాల రెస్టు ఉన్నది. అసలు ఎంతున్నదో నీకు చెప్పాల్నా? నేను చేరేదే పన్నెండు యాభైకి. బండి మలుపుకొని నిలబెట్టంగనే కదలాలె. మూత్రానికి పోయే టైము గూడ లేదు.

తొలి రోజు గంగుబాయి రొట్టె, తొక్కు పట్టుకొని వచ్చింది. నేను దిగలే. "ఇయ్యాల పండవా?" అన్నది. "పండుడు బందయిందమ్మా" అన్న. ఆమెకు సమజ్ కాలే. "ఎవరు బందు వెట్టిండ్రు?" అన్నది.

కార్డు ముంగట నిలబడి మస్తుసేపు చూసిన. రాత మాత్రం ముత్యాలోలె ఉన్నది. గది రాసినాయన ఎన్నడన్న ఆ బస్సు ఎక్కిండో లేదో అనుకున్న.

నువ్వు గా ఆఫీసులనే ఉన్నవ్. ఒక్క మాట చెవుల వెయ్యి. నిజం చేరేది పన్నెండు యాభైకని చెప్తే సాలు. ఇక్కడ మేనేజర్‌తోని నేను చెప్దామనుకున్న. మల్ల మనసొప్పలే. చెప్తే తొమ్మిదేండ్ల షీట్లు బయటికొస్తయి. అవన్ని నీ చేతి రాతలు. మార్చి దాక మచ్చ పడొద్దన్నవ్ గద. అందుకే ఊకున్న. నీకు ఏ రకంగ చెప్పొస్తదో నువ్వే చూడు.

మీ అన్న,
రూప్లా

*

కరీంనగర్,
8 డిసెంబర్ 1998.
(ఈ ఉత్తరం పోస్టు చేయలేదు.)

అన్నా,

ఆ కార్డు రాసింది నేనే.

అక్టోబర్‌లో ఒకరోజు ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచాడు. బల్ల మీద మన లాగ్ షీట్ల కట్టలున్నాయి. "భూమేశ్, ఈ సావర్‌గావ్ బస్సు చూడు. రోజూ పన్నెండు ఇరవైకి చేరి ఒకటిన్నర దాకా ఊరికే నిలబడి ఉంటుంది. డెబ్బై నిమిషాలు! తొమ్మిదేళ్లలో ఒక్కరోజు లేటు లేదు. డ్రైవర్‌కు ముప్పై నిమిషాలు ఉంచి మిగతాది తీసేద్దాం, ఒక ట్రిప్పు పెరుగుతుంది. నువ్వు అదే బస్సులో చేశావు కదా, ఇది నిజమేనా?" అని అడిగాడు.

ఆయన చెడ్డవాడు కాదు. కాగితం చూసి అడిగాడు, అంతే. ఆ కాగితం రాసింది నేను. అబద్ధం అంటే దొంగ షీట్లు రాసిన కండక్టర్ ఎవరయ్యా అంటాడు. "నిజమే సార్" అన్నాను.

ఆ మధ్యాహ్నమే కూర్చుని కార్డు రాశాను. "పన్నెండు యాభై" అని రాసేటప్పుడు నీ తువ్వాల కనబడింది అన్నా. తువ్వాల కింద నీ గురక వినబడింది. అయినా గీత వంకర పోకుండా రాసిన. నీకు మెమో రావొద్దని రాసిన అబద్ధమే నీ నిద్ర మింగింది. నేనే మింగిన. నీ తమ్మున్నే.

*

కరీంనగర్,
8 డిసెంబర్ 1998.

ప్రియమైన రూప్లా అన్నకు,

నీ ఉత్తరం అందింది. కొత్త కార్డు సంగతి తెలిసి బాధ కలిగింది. ఇక్కడ చాలామంది కలిసి నిర్ణయాలు చేస్తారు, ఎవరు ఏది చేశారో చెప్పడం కష్టం. సమయం చూసి కదుపుతాను. నీవు తొందరపడి మేనేజర్‌తో ఏమీ అనవద్దు.

అంతవరకు తల మీద తడిగుడ్డ వేసుకో. దారిలో పిట్లంలో మిర్చి బజ్జీ కొనుక్కుని దగ్గర ఉంచుకో, కారం నోట్లో ఉంటే కునుకు రాదు. సంతోష్‌ను నీ పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండమను. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
భూమేశ్

*

బాన్సువాడ,
24 జనవరి 1999.

తమ్ముడు భూమేశ్‌కు,

నీ ఉత్తరం చూసిన. కింద "నీ తమ్ముడు" అని రాసేటోనివి, ఈసారి "ఇట్లు" అని రాసినవ్. పని ఒత్తిడేమో.

తడిగుడ్డ కప్పుకుంటున్న. మిర్చి తిని కడుపుల మంట పుట్టింది, నిద్ర మాత్రం ఆగుతలేదు. సంతోష్ పాపం మాట్లాడుతనే ఉంటడు. వాని మాటలు జోలపాటలెక్క వినవడుతున్నయి.

ఈ నెల మొదట్ల సంతోష్ పన్నెండు యాభై అని నిజం రాసిండు. నాలుగు రోజులకు నాకు మెమో వచ్చింది. "తొమ్మిది సంవత్సరాలుగా సకాలంలో చేరిన బస్సు ఇప్పుడెందుకు ఆలస్యమగుచున్నది? మీ నిర్లక్ష్యమునకు సంజాయిషీ ఇవ్వవలెను" అని ఉన్నది. చదువుతుంటే నవ్వొచ్చింది తమ్మీ, నిజంగ. సంజాయిషీల ఏం రాయాలె? "ఇకముందు సకాలంలో చేర్చెదను" అని రాసి ఇచ్చిన. సంతోష్ గూడ ఇగ పన్నెండు ఇరవయ్యే రాస్తుండు. మనం పెట్టిన ఆనవాయితీ పోరడు నిలబెడుతుండు. కింద నా సంతకం.

ఇప్పుడు గంగుబాయి కిటికీల నుంచి రొట్టె చేతికిస్తది. ఒక చేత్తోని స్టీరింగు, ఒక చేత్తోని రొట్టె. బుధవారం సంతకు మన బస్సులనే వస్తది గద, ఆ రోజు నా వెనక సీట్లనే కూసుంటది. నా తల జర వాలితే చాలు, భుజం తడుతది. మొన్న పెద్ద కొడప్‌గల్ దాటినంక ఒక మేక అడ్డమొచ్చింది. అడ్డమొచ్చిందని నేనంటున్న. అది ముందునుంచే అక్కడ ఉన్నదేమో, నాకే తెల్వదు. కండ్లు తెరిచేసరికి బ్రేకు మీద కాలున్నది. మేక బతికింది.

ఆ రోజు ఇంటికొచ్చి హీరాబాయికి చెప్తే ఏడ్చింది. "యాభై మందిని ఎక్కించుకుంటవ్, మేకనే అడ్డమొస్తదా ఎప్పటికి?" అన్నది. "మీ తమ్ముడు ఆఫీసుల ఉన్నడు గద, ఎందుకు చెప్తలేడు?" అన్నది. చెప్తడు, టైము చూస్తుండు అన్న.

నాకు భయమైతుంది తమ్మీ. ఇరవై మూడేండ్ల సర్వీసుల ఎన్నడు భయపడలే. ఒక్క మాట చెప్పు. నిన్ను బతిమాలుకుంటున్న.

మీ అన్న,
రూప్లా

*

కరీంనగర్,
15 ఫిబ్రవరి 1999.

ప్రియమైన రూప్లా అన్నకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా మాట విను. మార్చి 31న నా ఉద్యోగం పక్కా అవుతుంది. ఏప్రిల్ మొదటి వారంలో నేనే స్వయంగా ఆఫీసరు గదిలోకి వెళ్లి సావర్‌గావ్ సంగతి మాట్లాడతాను. ప్రేమల మీద ఒట్టు. ఇంకా నలభై అయిదు రోజులే. ఎలాగైనా నెట్టుకురా. అవసరమైతే పది రోజులు సెలవు పెట్టు.

వదినను ఏడవవద్దని చెప్పు. ఏప్రిల్‌లో నీకు నీ నలభై నిమిషాలు తెచ్చి ఇస్తాను.

నీ తమ్ముడు,
భూమేశ్

*

సర్కారు దవాఖాన, బాన్సువాడ,
21 మార్చి 1999.

భూమేశ్ కాకకు,

నేను స్వాతిని. నాయిన కుడిచెయ్యి విరిగింది. నాయిన చెప్తుంటే నేను రాస్తున్న. ఒక్క అక్షరం మార్చొద్దన్నడు.

"తమ్మీ. బుధవారం పదిహేడో తారీఖు. సావర్‌గావ్ నుంచి పన్నెండు యాభైకి కదిలిన. గంగుబాయి సంతకు పోతానికి నా వెనక సీట్ల కూసున్నది. రొట్టెల గంప కాళ్ల కాడ. పెద్ద కొడప్‌గల్‌కు ఇవతల కాలువ మీద చిన్న మోరీ ఉన్నది, నీకెరుకే. ఆ మలుపు కాడ నాకు కండ్లు మూతబడ్డయి. ఎంతసేపో తెల్వదు. భుజం మీద చెయ్యి పడ్డది. తెరిచేసరికి బస్సు మోరీ గోడను గుద్దింది.

కూసున్నోళ్లకు దెబ్బలే తాకినయి. అందరు బతికిండ్రు. నన్ను లేపుతానికి లేచి నిలబడ్డది గంగుబాయి ఒక్కతే. అద్దంల నుంచి బయట పడ్డది. కూసుంటే బతికేది తమ్మీ. నన్ను లేపుతానికి లేచింది."

కాకా, నాయిన చెప్పింది గంతే. గోడ దిక్కు తిరిగిండు. పెయ్యంత దెబ్బలున్నా సూది మందు వద్దంటుండు. అది వేస్తే నిద్రొస్తదట.

స్వాతి

*

కరీంనగర్,
28 మార్చి 1999.

అన్నా,

ఏం రాయాలో తెలియడం లేదు. మూడు కాగితాలు చింపేశాను. ప్రేమల రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. గంగుబాయి పేరు చెప్పుకుని ఏడుస్తోంది. నేను వద్దామనుకున్నాను కానీ నెలాఖరు, సెలవు దొరకలేదు.

చెయ్యి ఎలా ఉంది? డాక్టరు ఏమన్నాడు? స్వాతి పరీక్షలు రాసిందా?

ఎంక్వయిరీ ఎప్పుడు? షీట్ల గురించి ఏమైనా అడిగారా? అడిగితే ఏం చెప్పావు? వెంటనే రాయి.

భూమేశ్

*

బాన్సువాడ,
20 జూన్ 1999.

భూమేశ్‌కు,

చెయ్యి అతికింది. రాత వంకర వస్తుంది, కూడబలుక్కొని చదువుకో. వెంటనే రాయమన్నవ్, మూడు నెలలాయె. నీకు మస్తు ఫికరై ఉంటది.

ఎంక్వయిరీ అయింది. ముగ్గురు కూసున్నరు. ఆ రోజు షీటు నా ముంగట పెట్టిండ్రు. చేరిన సమయం పన్నెండు ఇరవై, కదిలిన సమయం పన్నెండు యాభై. కింద నా సంతకం. "మీకు ముప్పై నిమిషాలు విశ్రాంతి దొరికిందా?" అన్నరు. సంతోష్ గోడకు నిలబడి నా దిక్కే చూస్తుండు. వాని పెండ్లయి రెండు నెలలే. నేను షీటు దిక్కు చూసిన. పన్నెండు ఇరవై. అది సంతోష్ రాసిండు, కాని నాకు నీ రాతనే కనబడ్డది.

"దొరికింది సార్" అన్న.

"విశ్రాంతి తీసుకుని కూడా ఎందుకు నిద్రపోయారు?" అన్నరు. రెస్టు దొరికి గూడ పండుకున్నోన్ని ఏమంటరు? తాగిండంటరు. తాగలేదని డాక్టర్ రాసిచ్చిండు కాబట్టి గంతవరకు బతికిపోయిన. నౌకరి పోయింది. ఖాకి అంగిలు రెండు డిపోల ఇచ్చి వచ్చిన.

తండల ఎవ్వరు ఏమంటలేరు. అంటే బాగుండు. గంగుబాయి బిడ్డ జమ్లి సంతల కనబడ్డది. నేను దగ్గరికి పోయిన. ఆమె నన్ను చూసి, "మా అవ్వ నీ నిద్రకు కాపలా ఉన్నది. నువ్వు మా అవ్వకు లేకపోతివి" అన్నది. గంతే అన్నది. గంప ఎత్తుకొని పోయింది.

నువ్వు అడిగింది షీట్ల గురించి. చెప్పిన గద, ఫికర్ చెయ్యకు. ఏప్రిల్ల నీ నౌకరి పక్కా అయిందని డిపోల చెప్పుకుంటుంటే విన్న. సంతోషం.

రూప్లా

*

కరీంనగర్,
6 ఫిబ్రవరి 2000.

అన్నా,

ఎనిమిది నెలలు నీకు రాయలేదు. రాయలేకపోయిన. ఇయ్యాల పుస్తకం భాష వద్దు.

ఆ కార్డు రాసింది నేనే అన్న. ఆఫీసరు అడిగితే షీట్లు నిజమే అని చెప్పింది నేనే. తెల్లారి నోరు విప్పుదామనుకున్న, విప్పలే. నీ ఉత్తరం వచ్చిన నాడు నిజమంత రాసి కవర్ల పెట్టిన, డబ్బా దాక పోయి వాపస్ వచ్చిన. ఆ కవరు ఇంక నా పెట్టెల ఉన్నది, దీంతోని పంపుతున్న. ఏప్రిల్ల మాట్లాడుతనన్న. మార్చి పదిహేడు ఏప్రిల్ కన్న ముందొస్తదని నాకు తోచలే.

నువ్వు దవాఖానల పడి ఉంటే నేను షీట్ల గురించి అడిగిన. అన్నిటికన్న అదే నన్ను తినేస్తుంది. మనిషి పోయింది, అన్న చెయ్యి విరిగింది, నా కలం పోయి షీట్ల కాడ ఆగింది. ప్రేమలకు మొన్ననే చెప్పిన. "అన్నం వడ్డిస్త, తిను" అన్నది. అప్పటిసంది నా మొఖం చూసి మాట్లాడ్తలేదు.

చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే, నాకెరుకే. నువ్వు అప్పీలు పెట్టు. తొమ్మిదేండ్ల షీట్లు దొంగయని నేను రాసిస్త. ఏమన్న కానీ. నన్ను మాఫ్ చెయ్యి అన్న. ఒక్క మాట రాయి, మాఫ్ చేసిన అని.

నీ తమ్ముడు,
భూమేశ్

*

బాన్సువాడ,
5 మార్చి 2000.

తమ్మీ,

నాకు తెలుసు.

కార్డు అతికించిన నాడే తెలుసు. తొమ్మిదేండ్లు దినాం నీ రాత కింద సంతకం పెట్టినోన్ని. నీ పన్నెండు నాకు తెల్వదా? రెండు అంకె కింద తోక మలుపుతవ్. బోర్డు ముంగట నిలబడి ఆ తోక చూసిన. రాత ముత్యాలోలె ఉన్నదని అందుకే రాసిన. రాసినాయన ఎన్నడన్న ఆ బస్సు ఎక్కిండో లేదో అని అందుకే రాసిన. నువ్వు చెప్తవని చూసిన. "అన్నా, తప్పయింది, నేనే రాసిన" అంటే, పోనీ తియ్ తమ్మీ, ఇద్దరం కలిసి మేనేజర్ దగ్గరికి పోదాం అనేటోన్ని. మెమోలు పంచుకునేటోళ్లం. నువ్వు తడిగుడ్డ కప్పుకో అని రాసినవ్.

నిన్ను తిడుతలేను. నేను గూడ నోరు మూసుకున్న. నువ్వు నీ నౌకరి కోసం మూసుకున్నవ్, నేను నీ కోసం మూసుకున్న. మన ఇద్దరి మర్యాదల నడుమ ముసల్ది పోయింది. ఆమెకు ఈ షీట్లు తెల్వదు, కార్డు తెల్వదు. పండినోన్ని లేపాలె, గంతే తెలుసు.

అప్పీలు నాకొద్దు. ఇగ నేను స్టీరింగు పట్టను. రెండెకరాలున్నది, హీరాబాయి నేను చేసుకుంటున్నం. ఇప్పుడు పగలంత నాదే. పన్నెండు యాభైకి చేన్ల ఒరుగుత. నిద్ర రాదు. అప్పుడు నలభై నిమిషాల నిద్ర కోసం పానం పోయేది, ఇప్పుడు ఎంత టైమున్నా కండ్లు మూయబుద్ధి అయితలేదు. మూస్తే భుజం మీద చెయ్యి పడుతది.

మాఫ్ చేసిన అని రాయమంటున్నవ్. రాస్తే నీకు నిద్రపడుతదా? నీ కవరు చదివిన. నిజం మంచిగ రాసినవ్. కాని నాకు తెలిసిందే నాకు రాస్తే ఏం ఫాయిదా? నీ కార్డు ఇంక బోర్డు మీదనే ఉన్నది. నా బస్సు ఇప్పుడు రెడ్యా నడుపుతుండు. మా తండ పోరడే, ఇద్దరు చిన్న పిల్లలు. వాడు గూడ పన్నెండు యాభైకి చేరి పన్నెండు యాభైకే కదులుతుండు. వాని వెనక సీట్ల గంగుబాయి గూడ లేదు.

నా కాడ అడుక్కోకు. ఆ కార్డు దించు.

మీ అన్న,
రూప్లా

*

బాన్సువాడ,
13 జూలై 2000.

తమ్ముడు భూమేశ్‌కు,

నాలుగు నెలలాయె నీ కాడ నుంచి జాబు లేక. ఇగ రాయవనుకున్న.

మొన్న ఎరువు బస్తా కోసం బాన్సువాడ వచ్చిన. డిపో దిక్కు పోవద్దనుకున్న, కాళ్లు అటే పోయినయి. బోర్డు మీద కొత్త కార్డు ఉన్నది. సావర్‌గావ్ చేరుడు పన్నెండు యాభై, కదులుడు ఒకటి ముప్పై. రెండుసార్లు చదివిన. రాత నీది కాదు. వంకర టింకర రాత, ఒక అక్షరం మీదికి ఒకటి కిందికి, రెండు కింద తోక లేదు. చూసి మస్తు సంబురమైంది. మల్ల ఆ రాతనే చూసిన. కార్డు మారింది, రాసేటోడు మారిండు. కంట్రోలర్‌ను అడిగిన. నువ్వు షీట్ల సంగతి అంత రాసిచ్చినవని, నిన్ను పనిల నుంచి తీసేసిండ్రని చెప్పిండు. నువ్వు నాకు ఒక్క ముక్క రాయలే. ఈసారి దాచింది గిదన్నట్టు.

నిన్న బుధవారం. రెడ్యా బస్సు ఎక్కి సావర్‌గావ్ పోయిన. పన్నెండు యాభై రెండుకు చేరింది. వాడు దిగి, నన్ను చూసి సిగ్గుపడి, "కాకా, జర ఒరుగుత" అన్నడు. పండుకో బిడ్డ అన్న. తువ్వాల కప్పుకున్నడు. నేను మెట్టు మీద కూసున్న. ఒకాయన ఎక్కి హారను కొట్టబోయిండు. డ్రైవర్ పండిండు, ఊకో అన్న. నా గొంతు నాకే ముసల్దాని లెక్క వినబడ్డది.

బస్టాపు కాడ ఇప్పుడు జమ్లి రొట్టెలమ్ముతుంది. నలభై నిమిషాలు మా నడుమ పది అడుగుల జాగ. నా దిక్కు చూడలే. లేచి పోయి చెప్దామనుకున్న, మీ అవ్వను చంపింది నా నిద్ర ఒక్కటే కాదు, మా ఇద్దరి అబద్ధం అని. మెట్టు దిగలే. ఒకటి ఇరవై అయిదుకు రెడ్యా భుజం మీద రెండేళ్లు పెట్టి లేపిన.

కోటగిరిల మీ నాయన కాడికి వచ్చినవని విన్న. ప్రేమల గూడ వచ్చిందా? వస్తే ఇద్దరు మా ఇంటికి రండ్రి, హీరాబాయి రొట్టెలు చేస్తనన్నది. నిన్ను మాఫ్ చేసిన్నో లేదో నాకు ఇంకా తెల్వదు. కాని బుధవారం నాడు రా. ఇద్దరం అదే బస్సుల పోదాం. జమ్లికి నువ్వే చెప్పాలె. నేను పక్కన నిలబడత.

మీ అన్న,
రూప్లా